దొరసానమ్మ తాతగారు

ఆ ఉత్తరాల్లో ఏముందో తెలియకుండానే నేను వాటిని రెండు నెలలపాటు పైకి చదివాను.

చదవడమంటే అక్షరాలు పలకడమే. కనిగిరి పక్క మా ఊరి మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పే తీరిక మా పంతులుగారికి ఉండేది కాదు గానీ, గొలుసుకట్టు రాత మాత్రం దిద్దించి దిద్దించి నేర్పారు. అందుకని వందేళ్ల నాటి గోధుమరంగు సిరా రాతను కూడా నేను గుర్తుపట్టగలిగేదాన్ని. నేను ఒక్కో అక్షరం పలుకుతుంటే ఎదురుగా కళ్లు మూసుకుని కూర్చున్న దొరసానమ్మ ఆ మాట పట్టుకుని, తన నోటు పుస్తకంలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకునేవారు. ఆమెకు దూరపు చూపు బాగానే ఉంది, కారు నడిపేవారు. దగ్గరివి మాత్రం అద్దాలు పెట్టుకున్నా అలికినట్టు కనిపించేవి.

అది 1976. ఒమాన్‌లో దార్సైట్ అనే చోట, కొండ వాలున, నేను పనిచేసే దొరగారి ఇల్లు. ఆయన అక్కడి ప్రభుత్వానికి నీళ్ల బోర్లు వేయించే ఇంజనీరు. నెలలో ఇరవై రోజులు లోపలి ఊళ్లలోనే గడిపేవారు. దొరసానమ్మ పేరు రూత్. ఒంగోలు వైపు మిషన్ బంగళాలో పుట్టి పన్నెండేళ్లు అక్కడే పెరిగారు. ఆమె తెలుగు సగం పాత బైబిలు, సగం బంగళా ఆయాల నోటి మాట. నెమ్మదిగా ఉన్నప్పుడు "కాగితములు తెచ్చితివా" అనేవారు. సంతోషం వస్తే "ఓసి నీ అసాధ్యం కూలా" అనేవారు. తెలుగు మాట్లాడే మనిషి కావాలనే మా చర్చి అయ్యగారి ద్వారా నన్ను పిలిపించుకున్నారు. నా వీసా దొరగారి పేరు మీద ఉండేది. పాస్‌పోర్టు దొరగారి ఆఫీసులో ఉండేది.

ఆ ఏడు అమెరికాకు రెండు వందల ఏళ్లు నిండాయట. వాళ్ల జిల్లావాళ్లు పాత పెద్దమనుషుల జీవితాలతో ఒక పుస్తకం వేస్తూ, మీ తాతగారి సంగతి మీరే రాయండని ఆమెను అడిగారు. తాతగారి పేరు అబ్నర్ విట్లాక్. లాయరు. ఇండియానా రాష్ట్ర శాసనసభకు రెండుసార్లు ఎన్నికైన మనిషి. ఆయనా, ఆయన భార్య హన్నా రాసిన ఉత్తరాలన్నిటినీ దొరసానమ్మ చెల్లెలు రేకు పెట్టెలో పెట్టి ఓడ మీద పంపింది.

రోజూ మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా మా పని. అయిపోయిన ప్రతి కాగితం మీదా నేను పెన్సిలుతో నంబరు వేయాలి. రాసుకున్నది దొరసానమ్మ నాకు అప్పుడప్పుడు తెలుగులో చెప్పేవారు. అట్లా నాకు ఆయన జీవితం ముక్కలు ముక్కలుగా తెలిసింది. చిన్నప్పుడు పీపాలు చేసే దుకాణంలో పనివాడు. నత్తి ఉండేది. ఆ నత్తితోనే లాయరు అయ్యాడు. తీర్పు రాబోతుంటే పొలాల కంచె తగాదాల్లో కూడా చెమటలు పట్టేవట. సభలో కూర్చున్నాక ఆడపిల్లల బడులకు పన్ను వేయమని అడిగి ఓడిపోయాడు.

వీటన్నిటికంటే దొరసానమ్మకు గొప్పగా ఉండేది ఒకటి. ఆ కాలంలో నల్లవాళ్లను అక్కడ కొనుక్కునేవారు, అమ్ముకునేవారు. నదికి అవతల రాష్ట్రంలో బానిసలు, ఇవతల ఇండియానాలో లేరు. నది దాటి పారిపోయి వచ్చిన వాళ్లను పట్టి యజమానికి తిరిగి అప్పగించాలని దేశమంతటికీ చట్టం వచ్చింది. తాతగారు లేచి ఆ చట్టం పాపమని రెండు గంటలు మాట్లాడాడట. నత్తి ఒక్కసారి కూడా అడ్డం రాలేదట.

"చూచితివా శాంతమ్మా, ఎటువంటి మనిషియో" అని ఆ రోజు దొరసానమ్మ రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు.

ఆ మాట నా మనసులో పడిపోయింది. బిల్కీస్ వచ్చినప్పుడు నేను తలుపు తీయడానికి కారణం అదే.

బిల్కీస్‌ది కడప. రెండు వీధుల అవతల ఒక అర్బాబ్ ఇంట్లో పని. అర్బాబ్ అంటే వీసా ఇచ్చిన యజమాని. రొట్టెల కొట్టు దగ్గర పరిచయం మాది. నన్ను శాంతక్కా అనేది. శనివారం మధ్యాహ్నం దొరసానమ్మ నిద్రపోయే వేళకు వెనక తలుపు గోకినట్టు చప్పుడైంది. తీస్తే బిల్కీస్. కాళ్లకు చెప్పులు లేవు. ఎండకు కాలిన నేల మీద అట్లాగే వచ్చింది.

"శాంతక్కా, నన్ను రైసూత్‌కు పంపిస్తాండారు."

"రైసూతా? అదెక్కడ?"

"యాడో సలాలా దగ్గరంట, ఓడలొచ్చే చోటు. అర్బాబ్ తమ్ముడు ఆడుంటాడు. ఆ ఇంట్లో ఆడమనిషి అనేదే లేదక్కా. నలుగురు మొగోళ్లు. వంట చెయ్యాల్నంట." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ముందు పోయిన పిల్ల ఏమాయెనో ఎవురూ చెప్పరు. అడిగితే నగుతారు. ఎట్లనో మన ఎంబసీ కాడికి చేర్చక్కా, నీ కాళ్లు మొక్కుతా."

ఎంబసీ ఎక్కడో నాకు తెలియదు. కారు దొరసానమ్మ నడపాలి. ఇంకొకరి వీసా మీద ఉన్న మనిషిని దాచిపెడితే దాచినవాళ్లనూ దేశం నుంచి పంపించేస్తారని అందరూ చెప్పుకునేవారు. నన్ను పంపితే పంపారు. దొరగారి ఉద్యోగం పోతే? ఆ భయంతో దొరసానమ్మకు చెప్పలేకపోయాను. వంటింటి వెనక దొరగారి బోరు గొట్టాలూ, రాళ్ల నమూనాల పెట్టెలూ ఉండే సామాను గది ఉంది. అందులో గోనె పరిచి బిల్కీస్‌ను కూర్చోబెట్టి బయట తాళం వేశాను. తాళం చెవి నా బొడ్లో. నడిస్తే ఒంటికి తగులుతూ ఉండేది.

సోమవారం పొద్దున సర్దార్ వచ్చాడు. అర్బాబ్ ఇంటి డ్రైవరు. హైదరాబాదు మనిషి.

"ఏం శాంతమ్మా, మంచిగున్నవా? మీ దొరసాని సచ్చిపోయిన తాత కథ రాస్తుందట గద?"

"రాస్తన్నారు."

"మా తాత కథ రాయమను. ఒక్క లైన్ల అయిపోతది. పుట్టిండు, టాంగా తోలిండు, పోయిండు." నవ్వాడు. నవ్వుతూనే నా భుజం మీదుగా వంటింట్లోకి చూశాడు. "ఆ కడప పిల్ల ఇటు గిట్ల వచ్చిందా?"

"రాలేదు."

నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

"రాకుంటే మంచిదే. బుధవారం దాకా సూస్తడట అర్బాబ్. అటెన్క పోలీసోళ్లను తోలుకొని ఇల్లిల్లూ తిరగాలె. దొరకకపోతే నా కొలువు గూడ పీకుతనన్నడు. గేటు తాళం నేనే మర్చిపోయిన్నట." మెట్లు దిగుతూ ఆగాడు. "ఏంది, రొట్టెలు గిన్ని కొంటున్నవ్? మీరిద్దరే గద ఇంట్ల?"

నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

మంగళవారానికి బిల్కీస్‌కు జ్వరం వచ్చింది. బుధవారం నాటికి దగ్గు పట్టుకుంది. ఆ గది రేకుల కప్పు మధ్యాహ్నం పెనంలా కాలేది. తడిగుడ్డ తీసుకెళ్తే పట్టుకోలేక వదిలేసింది. "మీ దొరసానికి చెప్పక్కా" అంది. "ఆయమ్మ మంచిదని నువ్వే అంటివి గదా." గోడకు ఈవల నిలబడితే దగ్గు వినిపించేది. హాల్లోకి వినిపిస్తుందా లేదా అని నేను మూడుసార్లు వెళ్లి నిలబడి చూశాను. వినిపిస్తున్నట్టే ఉంది. వినిపించనట్టే ఉంది.

మూడు గంటలకు దొరసానమ్మ పిలిచారు. ఈ పూట చెప్పేయాలనుకుంటూ వెళ్లి కూర్చున్నాను.

ఆ రోజు తీసిన ఉత్తరం హన్నాగారు తన అక్కకు రాసింది. తేదీ 1853 నవంబరు. సన్నటి కాగితం, రెండు వైపులా రాత. నేను పలకడం మొదలుపెట్టాను. నా మనసంతా సామాను గది మీదే ఉంది. అయినా కొన్ని మాటలు నాకు తెలిసినవి తగులుతున్నాయి. ఆడమనిషి. వంటిల్లు. మూడు రోజులు. జ్వరం. నా గొంతు నాకే వింతగా వినిపించింది. తలెత్తి చూశాను. దొరసానమ్మ కళ్లు మూసుకునే ఉన్నారు. పెన్సిలు కదలడం లేదు.

"నిలువకు. చదువుము" అన్నారు.

చదివాను. తాతగారి పేరు వచ్చింది. హన్నాగారు ఆయనకు చెప్పిందన్నట్టు ఒక మాట వచ్చింది. చట్టం అన్న మాట వచ్చింది. ఆ మాట నాకు రెండు నెలల్లో బాగా తెలిసిపోయింది. ఆ కాగితం అక్కడితో అయిపోయింది.

దొరసానమ్మ కళ్లు తెరిచారు. చెంపలు తెల్లబడి ఉన్నాయి. నేను అలవాటుగా పెన్సిలు అందుకున్నాను.

"దానికి నంబరు వేయవద్దు" అన్నారామె. లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నాకు వీపు పెట్టి నిలబడ్డారు.

ఆమె ఏడుస్తున్నారనుకున్నాను. తాతగారి మంచితనానికి ఏడుస్తున్నారనుకున్నాను. తెలిసిన ఆ నాలుగు మాటలనూ నేను నాకు కావలసినట్టు కూర్చుకున్నాను: ఒక ఆడమనిషి వచ్చింది, వంటింట్లో దాచారు, జ్వరం వచ్చింది, భార్య చెప్పింది, చట్టాన్ని కూడా లెక్కచేయకుండా ఆయన కాపాడాడు. సభలో రెండు గంటలు మాట్లాడిన మనిషి ఇంకేం చేస్తాడు? ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

"అమ్మా, నేనొకటి చెప్పాల."

ఆమె తిరగలేదు. "ఇప్పుడు వద్దు."

"ఇప్పుడే చెప్పాలమ్మా. సామాను గదిలో..."

"శాంతమ్మా, వద్దంటిని!"

"సామాను గదిలో ఒక పిల్లను దాచానమ్మా. అర్బాబ్ ఇంట్లోంచి పారిపోయి వచ్చింది. జ్వరంగా ఉంది."

ఆమె గిర్రున తిరిగారు. ఆ ముఖం చూసి నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"నీ మొహం మండా! ఎందుకు చెప్పావే?" అది బైబిలు తెలుగు కాదు. "నాకు ఆదివారం నుంచి తెలుసు. రొట్టె ఉండట్లేదు. గదికి తాళం. నీ నడకే మారిపోయింది. నేను అడిగానా? అడగలేదే! నువ్వు చెప్పనంత కాలం నాకు తెలియదు. ఎవరు వచ్చి అడిగినా నాకు తెలియదు అందును. ఇప్పుడు ఏం చెప్పేది?"

నేను వంటింటి వైపు చూశాను.

"నేను అబద్ధం ఆడను. పుట్టినప్పటి నుండి ఆడలేదు. మా నాన్న ఆడలేదు. మా తాత..." ఆగిపోయారు. బల్ల మీది కాగితాన్ని వేలితో చూపించారు. "ఆ స్త్రీ నది దాటి వచ్చింది. మా నాయనమ్మ వంటింటి వెనక దాచింది. మూడు దినములు. తాతగారికి తెలియదు. నాలుగవ దినమున నాయనమ్మే వెళ్లి ఆయనకు చెప్పింది. సభలో అన్ని మాటలు మాట్లాడిన మనిషి కదా అని నమ్మి చెప్పింది."

"కాపాడలేదా అమ్మా?"

"టోపీ పెట్టుకుని బయటకు వెళ్లాడు. గంటలో అధికారిని వెంటబెట్టుకుని వచ్చాడు. చట్టము మీద ప్రమాణం చేసిన లాయరును, తెలిసిన పిదప తెలియనట్టు ఉండలేను అన్నాడంట."

గోడ అవతల బిల్కీస్ దగ్గింది. ఇక సందేహం లేదు. హాల్లోకి స్పష్టంగా వినిపిస్తోంది. పొద్దుటి నుంచీ వినిపిస్తూనే ఉంది.

"ఆమెను ఏం చేశారమ్మా, ఆ స్త్రీని?"

"నది దాటించి తీసుకుపోయారు. ఉత్తరంలో అంతే ఉంది. పేరు కూడా లేదు."

ముందు వైపు తలుపు ఎవరో కొట్టారు.

బుధవారమని నాకు అప్పుడు గుర్తొచ్చింది. దొరసానమ్మ నా వైపు చూశారు. వెళ్లమని గానీ ఉండమని గానీ అనలేదు. తల సవరించుకున్నారు. నడుము నిటారుగా పెట్టి తలుపు వైపు నడిచారు. వాళ్ల తాత టోపీ పెట్టుకుని ఇట్లాగే నడిచి ఉంటాడనుకున్నాను. వెనక తలుపు తీసి బిల్కీస్‌ను కొండ మీదకు పరిగెత్తించాలన్న ఆలోచన వచ్చింది. కానీ అప్పటికే ఆమె గడియ తీసేశారు.

గుమ్మంలో ఒక పోలీసు, అతని వెనక సర్దార్. పోలీసు వయసులో చిన్నవాడు. మర్యాదగా టోపీ చంకలో పెట్టుకుని సలాం చెప్పాడు. వచ్చీ రాని ఇంగ్లీషులో అడిగాడు. ఇల్లు అనీ, ఇండియా అమ్మాయి అనీ, ఇంకొకరు అనీ నాకు అర్థమైంది.

దొరసానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఆమె వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. జాకెట్టు వెనక చెమట మరక పెద్దదవుతోంది. ఎదురు గోడ మీద గడియారం నడుస్తోంది. ఇప్పుడు దగ్గు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని నేను బొడ్లోని తాళం చెవిని గుప్పెట్లో నొక్కి పట్టుకున్నాను. పోలీసు ఇంకోసారి అడిగాడు. సర్దార్ ఆమెను చూడడం లేదు. నన్నే చూస్తున్నాడు.

"నో" అన్నారు దొరసానమ్మ. "లేదు, ఈ ఇంట్లో మేమిద్దరమే" అన్న అర్థం వచ్చేటట్టు ఇంకో మాట చెప్పారు. గొంతు మామూలుగానే ఉంది. తెలియనివాళ్లు వింటే టీ పెట్టమంటున్నారనుకుంటారు.

పోలీసు తల ఊపాడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. సలాం చెప్పి మెట్లు దిగాడు. సర్దార్ చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, తెలుగులో గొణిగాడు.

"రేపు పొద్దుగాల ఏడింటికి అర్బాబ్‌ను ఎయిర్‌పోర్టుకు తీస్కపోతున్న. ఎనిమిదిన్నర దాకా ఈడ మా బండి ఉండది. ఊకెనే చెప్తున్న."

అతను వెళ్లాక దొరసానమ్మ తలుపు గడియ పెట్టి, దానికే ఆనుకుని నిలబడ్డారు. నేను సామాను గది తాళం తీశాను. బిల్కీస్ దగ్గు బయటకు రాకుండా తన ముంజేతిని కొరికి పట్టుకుని ఉంది. పళ్ల గుర్తుల్లోంచి రక్తం వచ్చింది.

దొరసానమ్మ ఆ పిల్లను మొదటిసారి చూశారు. తన గదిలోకి తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి, జ్వరం మాత్రలిచ్చారు.

సర్దార్ మాట సాయమో, వల పన్నడమో మాకు తెలియలేదు. ఏడు తర్వాత బయలుదేరితే దారిలో పట్టుకోవచ్చని చెప్పాడా? అతని కొలువు బిల్కీస్ దొరకడం మీదే ఉంది. "నమ్ముదునా?" అని దొరసానమ్మ అడిగారు. ఇంట్లో ఉంటే దగ్గు ఎట్లాగూ పట్టిస్తుంది. పొద్దున ఏడుంబావుకు మన ఎంబసీకి బయలుదేరాం. బిల్కీస్ వెనక సీటు కింద పడుకుంది. పైన దొరగారి మ్యాపుల చుట్టలు పరిచాను. నేను వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నా చేతి కింద ఆ పిల్ల వణుకు తెలుస్తోంది.

కొండ మలుపు దిగేసరికి అర్బాబ్ తెల్ల కారు ఎదురొచ్చింది.

ఏడింటికే వెళ్లిపోవాల్సిన కారు అది. వెనక సీట్లో అర్బాబ్ కూర్చుని ఉన్నాడు. ఏదైనా మరిచిపోయి వెనక్కి వస్తున్నారో, మా కోసమే వస్తున్నారో. ఆ దారిలో రెండు కార్లు పట్టవు. ఒకటి ఆగాలి. రెండూ ఆగాయి. సర్దార్ ముఖం అద్దంలోంచి బాగా కనిపించింది. పెదాలు నల్లబడ్డాయి. వెనక నుంచి అర్బాబ్ ఏదో అంటున్నాడు, మా కారు వైపు చెయ్యి చూపిస్తున్నాడు. దొరసానమ్మ వేళ్లు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. మ్యాపుల కింద బిల్కీస్ ఊపిరి ఆపేసింది.

సర్దార్ కారు వెనక్కి నడిపాడు. మలుపు దాకా వెనక్కి పోయి, గోడకు ఆనించి, మాకు దారి ఇచ్చాడు. మేము పక్కనుంచి దాటేటప్పుడు అర్బాబ్ కిటికీలోంచి దొరసానమ్మకు తల వంచి నమస్కారంలా చేశాడు. పెద్దావిడకు దారి ఇవ్వమని చెప్పినట్టున్నాడు. సర్దార్ మమ్మల్ని చూడలేదు. కొండ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎంబసీ గేటు దగ్గర బిల్కీస్‌ను దింపాను. దొరసానమ్మ చెప్పులు ఆమె కాళ్లకు పెద్దవయ్యాయి. ఈడ్చుకుంటూ వెళ్లింది. గేటు దగ్గర ఉన్నాయన లోపలికి పిలిచాడు. తలుపు మూసుకుంది. పందొమ్మిది రోజుల తర్వాత ఆమె బొంబాయి విమానం ఎక్కిందని తెలిసింది. ఆ పూట మాత్రం మాకు మూసుకున్న తలుపు ఒక్కటే కనిపించింది.

దొరసానమ్మ కారు తిప్పలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"శాంతమ్మా, ఒక్క మాట" అన్నారు. "ఒకే ఒక్క మాట చాలింది. నాకు ఏమీ కాలేదు. నాలుక కాలలేదు. రాత్రి నిద్ర కూడా పట్టింది."

నేను వెనక సీట్లో మ్యాపుల చుట్టలు సర్దాను.

"ఇంత తేలికని ఆయనకు తెలియదు, పాపము" అన్నారు. అంతలోనే తల అడ్డంగా ఊపారు. "కాదు. తెలుసు. లాయరు కదా, తెలియకుండా ఎట్లా ఉంటుంది?" ఆ తర్వాత చాలాసేపు ఏడ్చారు. ఆయాల దగ్గర పెరిగిన పిల్లలు ఏడ్చినట్టు, గట్టిగా, ముక్కు చీదుకుంటూ.

ఆమె తేరుకున్నాక ఇంటికి బయలుదేరాం. ఇంటి ముందు ఎవరు ఉంటారో, సర్దార్ ఎవరికి ఏం చెప్పి ఉంటాడో, నా పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. తెల్ల కారు ఏది కనిపించినా నా చెయ్యి ఖాళీ మ్యాపుల మీదికి పోయేది.